లినక్స్‌కి మారాలా వద్దా అని నలుగుతున్నవారికి

మా ఇంటి ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉండేది. ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, పాత రకం హార్డ్ డిస్క్. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయని చాలా ముందు నుంచే తెలుసు. విండోస్ 11 ఎక్కిద్దామంటే, ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాతవాటిని, ఏవో కొన్నిటిని మినహాయిస్తే, అది అధికారికంగా ఒప్పుకోదు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలంటుంది. బండి నడుస్తూనే ఉంది, పారేయడానికి మనసొప్పదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ అనే సిస్టమ్ పెట్టుకోవచ్చని విన్నాను. విని ఊరుకోలేదు, అందులో ఒక రకమైన లినక్స్ మింట్‌తో పెన్‌డ్రైవ్ కూడా తయారుచేశాను. ఆ పెన్‌డ్రైవ్ టేబుల్ సొరుగులో, రబ్బరు బ్యాండ్ల మధ్య ఏడాదికి పైగా అలాగే పడి ఉంది.

నేను ఇంట్లో కూర్చుని తెలుగు పుస్తకాలకి ప్రూఫులు దిద్దుతాను. చిన్న పుస్తకాలైతే పేజీలు కూడా కడతాను. కంప్యూటర్ చదువు చదవలేదు. ఇంట్లో ఆ ఒక్క ల్యాప్‌టాప్ మీద నలుగురం ఆధారపడ్డాం: నేను, మా ఆయన, మా అబ్బాయి, మా అత్తయ్య. ఏదైనా తేడా వస్తే నలుగురూ నా వైపే చూస్తారు. ఆ పెన్‌డ్రైవ్ సొరుగు దాటకపోవడానికి అసలు కారణం అదే.

కొన్నాళ్ళకి నాకు అర్థమైందేమిటంటే, "ఏమవుతుందో" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఏది, ఎవరిది, ఎలా పాడవుతుంది అని ఒక్కసారీ అడుగు ముందుకేసి అడగలేదు. అడగడం మొదలుపెట్టాక నెలన్నరలో తేలిపోయింది. నేను చేసిన క్రమంలోనే చెబుతాను. చివరికి మీరు "వద్దు" అనే తేల్చుకున్నా ఇందులో వృథా పోయేది ఏమీ లేదు.

నోటుబుక్కు

ల్యాప్‌టాప్ పక్కన ఒక నోటుబుక్కు, దారం కట్టిన పెన్ను పెట్టాను. రెండు వారాల పాటు ఎవరు ఏం తెరిచినా అందులో రాయాలి. "కంప్యూటర్ వాడాను" అంటే కుదరదు. ఏ ప్రోగ్రామ్, ఏ ఫైలు, ఏ పరికరం తగిలించారు అన్నది రాయాలి. మావాడు మొదటి రోజు "గేమ్" అని ఒక్క ముక్క రాశాడు. పేరు రాయించడానికి నాలుగు రోజులు పట్టింది.

పద్నాలుగు రోజుల తర్వాత లెక్క చూస్తే 26 పద్దులు తేలాయి. వాటిలో 15 బ్రౌజర్‌లో జరిగే పనులే: మెయిలు, బ్యాంకు, వీడియోలు, బిల్లులు, వాట్సాప్ వెబ్. బ్రౌజర్‌కి కింద ఏ సిస్టమ్ ఉందన్నది పట్టదు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ లినక్స్‌కి ఉన్నాయి. ఎడ్జ్ కూడా ఉంది. ఇంకో ఆరింటికి అవే ప్రోగ్రామ్‌లు లినక్స్‌లోనూ దొరుకుతాయి: వీఎల్‌సీ, జూమ్ లాంటివి. ఏడాదికి పైగా నన్ను కూర్చోబెట్టిన భయమంతా చివరికి ఐదు పద్దులుగా మిగిలింది. పుస్తకం పేజీలు కట్టే నా పేజ్‌మేకర్ ఫైళ్ళు, మా ఆయన ఎక్సెల్ లెక్కలు, మావాడి గేమ్, పాత స్కానర్, అత్తయ్య పేకాట.

మీ ఐదూ వేరేగా ఉంటాయి. ఐదే కాకపోవచ్చు కూడా. కానీ రాసుకోకుండా ఎవరినీ సలహా అడగకండి. "లినక్స్ బాగుంటుందా?" అని అడిగితే బాగుంటుందనేవారూ బాగోదనేవారూ సరిసమానంగా దొరుకుతారు, మీరు మళ్ళీ మొదటికొస్తారు. "ఫలానా మోడల్ స్కానర్ లినక్స్‌లో పనిచేస్తుందా?" అని అడిగితే జవాబు ఔను, కాదు రెండిట్లో ఒకటే.

కొందరికి ఈ నోటుబుక్కే వద్దని చెప్పేస్తుంది. రోజూ ఫోటోషాప్ మీద బతికేవారు, విండోస్‌లో మాత్రమే నడిచే అకౌంటింగ్ ప్రోగ్రామ్ మీద వ్యాపారం నడిపేవారు, డిజిటల్ సంతకం టోకెన్ గుచ్చి ఫారాలు దాఖలు చేసేవారు ఉన్న ఒక్క కంప్యూటర్‌ని మార్చకూడదు. ఐఫోన్‌ని ఐట్యూన్స్‌తో బ్యాకప్ చేసేవారు కూడా గమనించాలి, ఐట్యూన్స్ లినక్స్‌కి లేదు. ఆఫీసు వాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్ అయితే అసలు ముట్టుకోవద్దు, అది మనది కాదు. పరీక్షల ముందో, ఏదైనా పని గడువు ముందో కూడా పెట్టుకోకండి. విండోస్ 10లోనే ఇంకొన్నాళ్ళు ఉండాలనుకునే ఇళ్ళకి 2026 అక్టోబర్ 13 దాకా అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం పెట్టారు. అందులో చేరి, గడువు పని పూర్తిచేసుకుని, ఆ తర్వాత ఆలోచించడం కూడా ఒక పద్ధతే.

ముందు ప్రోగ్రామ్‌లు మార్చండి, సిస్టమ్ జోలికి పోకండి

నేను చేసిన పనుల్లో బాగా కలిసొచ్చింది ఇదే. విండోస్‌లో ఉంటూనే ఒక నెలపాటు లినక్స్‌లో దొరికే ప్రోగ్రామ్‌లు మాత్రమే వాడాను. వర్డ్ బదులు లిబ్రేఆఫీస్ రైటర్, మెయిలుకి థండర్‌బర్డ్, బొమ్మలకి గింప్, బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్. ఇవన్నీ విండోస్‌లోనూ నడుస్తాయి. నచ్చకపోతే పాత ప్రోగ్రామ్ పక్కనే ఉంటుంది. ఇల్లు మారేముందు కొత్త వంటపాత్రలకి పాత వంటింట్లోనే అలవాటు పడటం లాంటిది.

ఆ నెలలో తెలిసినవి కొన్ని. వర్డ్‌లో చేసిన ఫైలు రైటర్‌లో తెరిస్తే మామూలు ఉత్తరాలు, వ్యాసాలు శుభ్రంగానే వస్తాయి. పట్టికలు, బొమ్మల చుట్టూ అక్షరాలు ఉన్న పేజీలు జరిగిపోతాయి. చాలాసార్లు తప్పు ఫాంటుది. కాలిబ్రి, కాంబ్రియా ఫాంట్లు లినక్స్‌తో రావు. వాటి స్థానంలో అదే వెడల్పుతో గీసిన కార్లిటో, కలాడియా అనే ఫాంట్లున్నాయి. అవి ఉంటే వరుసలు విరిగే చోటు దాదాపు మారదు. ఎవరికైనా పంపాల్సినప్పుడు, అవతలివారు దిద్దేది లేకపోతే పీడీఎఫ్ చేసి పంపండి. సగం తగాదాలు తీరిపోతాయి.

మా ఆయన ఎక్సెల్ షీటు మాత్రం మొండికేసింది. ఒక బటన్ నొక్కితే వడ్డీ లెక్కలన్నీ వచ్చేలా ఎప్పుడో మాక్రో రాసి పెట్టుకున్నారు. లిబ్రేఆఫీస్ కొన్ని మాక్రోలను నడుపుతుంది, అన్నిటినీ కాదు. ఇది నడవలేదు. "చూశావా, నేను ముందే చెప్పాను" అన్నారు. నిజానికి ఏమీ చెప్పలేదు. రెండు సాయంత్రాలు కూర్చుని ఆ మాక్రో ఏం చేస్తోందో చూస్తే, మూడు ఫార్ములాలతో అయ్యే పని. రాసినవారే మర్చిపోయారు. ఆ షీటు ఇప్పుడు రెండింటిలోనూ తెరుచుకుంటుంది.

గేమ్ సంగతి తొందరగా తేలింది. గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో ఉన్నవాటిలో చాలావాటిని ప్రోటాన్ అనే పొర లినక్స్‌లో నడుపుతుంది, 2018 నుంచి ఉంది. ఏ గేమ్ ఎలా నడుస్తోందో ప్రోటాన్‌డీబీ అనే సైట్‌లో ఆడేవాళ్ళే రాస్తుంటారు. కానీ మోసాలను పట్టడానికి సిస్టమ్ లోపలిదాకా చొరబడి కాపలా కాసే ఆన్‌లైన్ గేమ్‌లు కొన్ని లినక్స్‌ని రానివ్వవు. వాలరెంట్ అలాంటిదే. మావాడు ఆడేదీ ఆ కోవలోదే. వాడికి సూటిగా చెప్పేశాను. మూడు రోజులు మాట్లాడలేదు. ఆ గేమ్ కోసమే కంప్యూటర్ ఉన్న ఇల్లైతే నేనూ మార్చేదాన్ని కాదు.

తెలుగు అక్షరాల గొడవ

తెలుగులో రాసేవారికి ఇది వేరే చెప్పాలి. ఫోన్లలో, నెట్‌లో కనిపించే యూనికోడ్ తెలుగుకి లినక్స్‌లో ఏ ఇబ్బందీ లేదు. ఫాంట్లు ఉంటాయి. రామరాజ, సూరన్న, మండలి, గిడుగు లాంటి ఉచిత ఫాంట్లు మీ దగ్గరుంటే ఫైలు మీద రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ చేసుకోవడమే. తెలుగు అక్షరాలనే నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, సెట్టింగుల్లోని కీబోర్డ్ లేఅవుట్లలో తెలుగు చేర్చగానే వచ్చేస్తుంది. "అమ్మ"ని ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటున్నవారు ఐబస్ అనే ఇన్‌పుట్ పద్ధతి పెట్టుకుని, అందులో ఎం17ఎన్ వాళ్ళ తెలుగు ఆర్‌టీఎస్ ఎంచుకోవాలి. విండోస్‌లో ఏ యాప్‌తో కొట్టేవారో దానితో అచ్చు గుద్దినట్టు ఉండదు. వేళ్ళు మళ్ళీ నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది. మొదటి రెండు రోజులు మహాప్రాణాల దగ్గరంతా తడబాటే.

అసలు గొడవ పాత ఫైళ్ళతో. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కట్టిన పుస్తకాలు నా దగ్గర చాలా ఉన్నాయి. వాటిలో ఉన్నది నిజానికి తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంటు అది. ఫాంటు తీసేస్తే తెర మీద అర్థంలేని గుర్తుల వరుస మిగులుతుంది. పేజ్‌మేకర్‌కి లినక్స్ వెర్షన్ లేదు. ఈ ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, పొల్లులు కొన్నిచోట్ల చెదురుతాయి, మళ్ళీ ప్రూఫు చూడాల్సిందే. ఒక పుస్తకం మార్చి చూసి, మిగతావి మార్చనని తీర్మానించాను. మళ్ళీ అచ్చుకి వచ్చినప్పుడు చూసుకుందాం.

కొత్త పేజీలు ఇప్పుడు లినక్స్‌లో నడిచే స్క్రైబస్ అనే ప్రోగ్రామ్‌లో కడుతున్నాను. 1.6 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చుకుంటున్నాయి. పాత పద్ధతికి అలవాటుపడిన చేతికి మొదట్లో చిరాకే. ఆ పుస్తకాల కోసం విండోస్‌ని పూర్తిగా చంపకుండా ఉంచుకోవాలని ఇక్కడే తేలింది. తర్వాత డిస్క్ విషయంలో ఏం చేశానన్నది దీన్ని బట్టే ఉంటుంది.

ఫైళ్ళు: తెరిచి చూస్తేనే ఉన్నట్టు

బ్యాకప్ తీసుకోమని అందరూ చెబుతారు, అందరూ తీసుకున్నామనే అంటారు. నేను ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి అంతా కాపీ చేసి, ఆ డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, ప్రతి ఫోల్డర్ నుంచీ రెండు మూడు ఫైళ్ళు తెరిచి చూశాను. చూశాను కాబట్టి సరిపోయింది. డెస్క్‌టాప్ మీద నా కళ్ళ ముందున్న ఫైళ్ళలో కొన్ని నిజానికి కంప్యూటర్‌లో లేవు. డెస్క్‌టాప్ ఫోల్డరే క్లౌడ్‌తో ముడిపడి ఉంది. చోటు ఆదా చేయడానికి పేరు మాత్రం ఇక్కడ ఉంచి, సరుకు అక్కడ పెట్టుకుంది. పక్కన చిన్న మేఘం గుర్తు ఉంటే అలాంటిదే. ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్" ఎంచుకుని, అన్నీ దిగాక అప్పుడు కాపీ చేయాలి.

డాక్యుమెంట్లు, ఫోటోలు ఎవరికైనా గుర్తొస్తాయి. గుర్తురానివి రాస్తాను: బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఎన్నడూ కదపని రసీదులు, కంప్యూటర్‌లోనే ఉండిపోయిన పాత మెయిళ్ళు, విడిగా వేసుకున్న ఫాంట్లు, ప్రోగ్రామ్‌ల లైసెన్స్ నంబర్లు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ గానీ, డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఉందేమో సెట్టింగుల్లో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ ఉంటుంది, దాన్ని కాగితం మీద రాసుకోండి. బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే లోపలి ప్రోగ్రామ్) సెట్టింగులు ఏమాత్రం కదిపినా విండోస్ ఆ కీ అడగవచ్చు. ఆ సమయంలో అది మీ దగ్గర లేకపోతే లోపలున్నవన్నీ ఇనప్పెట్టెలో పెట్టి తాళం బావిలో పారేసినట్టే.

ఇంకో పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ కూడా చేసిపెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ వాళ్ళ మీడియా క్రియేషన్ టూల్‌తో అవుతుంది, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. యాక్టివేట్ అయి ఉన్న విండోస్ లైసెన్స్ మామూలుగా ఆ మదర్‌బోర్డుకి గుర్తుగా నమోదై ఉంటుంది. అదే కంప్యూటర్‌లో అదే ఎడిషన్ మళ్ళీ వేస్తే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. వెనక్కి రావడానికి దారి ఉందని తెలిశాక నాకు ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

పెన్‌డ్రైవ్ మీద రెండు రోజులు

లినక్స్ అంటే ఒకటి కాదు, పంపిణీలు వందల్లో ఉన్నాయి. వాటిని పోల్చుకుంటూ కూర్చోవడం ఇంకో రకం తాత్సారం. విండోస్ అలవాటున్న ఇంటికి మింట్‌లో సినమన్ అనే రకం చాలు. మెనూ ఎడమవైపు అడుగునే ఉంటుంది, కిటికీలు అలాగే మూసుకుంటాయి. ఇప్పటి 22 శ్రేణికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. 2 జీబీ ర్యామ్ ఉంటే నడుస్తుంది, 4 ఉంటే ఇబ్బంది లేదు. మింట్ వెర్షన్లన్నిటికీ ఆడవాళ్ళ పేర్లే పెడతారు. 22 పేరు విల్మా. నాకెందుకో అది నచ్చింది.

ఫైలు దాదాపు 3 జీబీ. దించుకున్నాక, ఫైలుకి వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్‌ఏ-256 సరిచూడాలి. వాళ్ళ సైట్‌లో ఇచ్చిన 64 అక్షరాల వరుస, మీ ఫైలుకి వచ్చిన వరుస ఒక్కటే కావాలి. సెవెన్-జిప్ ఉంటే ఫైలు మీద కుడి బటన్ మెనూలోనే ఆ లెక్క వస్తుంది. నేను ప్రూఫ్‌రీడర్‌ని కాబట్టి 64 అక్షరాలూ చదివాను. మీరు మొదటి ఎనిమిది, చివరి ఎనిమిది చూసినా పాడైన ఫైలు తెలిసిపోతుంది. తర్వాత రూఫస్, ఎచర్ అనే ప్రోగ్రామ్‌లలో ఒకదానితో పెన్‌డ్రైవ్‌కి ఎక్కించాలి. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, గుర్తుంచుకోండి.

దాని నుంచి మొదలవడానికి ఒక్కో కంపెనీ ఒక్కో కీ పెడుతుంది: ఎఫ్12, ఎఫ్10, ఎఫ్2, ఎస్కేప్. వాటితో కుస్తీ పట్టకుండా, విండోస్‌లోనే షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ కొట్టండి. వచ్చే నీలం తెరలో "యూజ్ ఎ డివైస్" ఉంటే అందులో పెన్‌డ్రైవ్ ఎంచుకోవచ్చు. మింట్ డెస్క్‌టాప్ వస్తుంది. ఇన్‌స్టాల్ అన్న గుర్తు నొక్కనంత వరకు, మీ డిస్క్‌లోని ఫైళ్ళను మీరే తెరిచి మార్చనంత వరకు డిస్క్ చెక్కుచెదరదు. నెమ్మదిగా ఉంటుంది, పెన్‌డ్రైవ్ నుంచి చదవడం వల్ల. దాన్ని చూసి లినక్స్ వేగాన్ని లెక్కకట్టకండి.

వాల్‌పేపర్లు మార్చుకుంటూ కూర్చోవద్దు. నోటుబుక్కు తీసి పరికరాలు ఒక్కొక్కటీ చూడండి. వైఫై, శబ్దం, మైకు, కెమెరా, వెలుతురు పెంచే కీలు, బ్లూటూత్, ప్రింటర్, రెండో తెర ఉంటే అది. ల్యాప్‌టాప్ మూత మూసి పది నిమిషాలాగి తెరవండి. నిద్రలేవని ల్యాప్‌టాప్‌తో రోజూ చికాకే, ఇది చాలామంది చూడరు.

మా ప్రింటర్ ఏమీ అడగకుండానే జాబితాలో కనిపించింది. వైఫైతో పనిచేసే ఈ మధ్యకాలపు ప్రింటర్లకి చాలావరకు విడిగా డ్రైవర్ అక్కర్లేదు. నేను అసలు ఆశలు పెట్టుకోని స్కానర్ మొదటి నొక్కుకే కాగితాన్ని లాగి చూపించింది.  వైఫై మాత్రం లేదు. అసలు అలాంటిదొకటి ఉందన్నట్టే లేదు. ఇక్కడే ఇదివరకటి నేనైతే మూసేసి పెన్‌డ్రైవ్‌ని మళ్ళీ సొరుగులో పడేసేదాన్ని. ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి ఫోన్ నెట్‌ని పంచే యూఎస్‌బీ టెథరింగ్ పెడితే వెంటనే నెట్ వచ్చింది. సిస్టమ్ సమాచారంలో వైఫై చిప్ పేరు చూసి వెతికితే, దానికి విడిగా వేసుకోవాల్సిన డ్రైవర్ ఉందని, ఇన్‌స్టాల్ చేశాక డ్రైవర్ మేనేజర్‌లో కనిపిస్తుందని తేలింది. నోటుబుక్కులో "వైఫై: ఫోన్ కేబుల్, తర్వాత డ్రైవర్" అని రాసుకున్నాను.

డిస్క్

ఉన్న డిస్క్‌లోనే విండోస్ పక్కన లినక్స్ పెట్టుకోవచ్చు, దాన్నే డ్యూయల్ బూట్ అంటారు. నేను అలా చేయలేదు. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (వేగంగా నడిచే కొత్త రకం డిస్క్) ఒకటి తీసుకుని, ల్యాప్‌టాప్ ఆపి, చార్జర్ పీకి, వెనక మూత విప్పి, పాత హార్డ్ డిస్క్ బయటికి తీసి దాని చోట కొత్తది బిగించాను. ఇన్‌స్టాలర్ "ఈ డిస్క్ మొత్తం చెరిపేయనా?" అని అడిగితే చెయ్యి వణకకుండా సరే అనేశాను. చెరిగిపోవడానికి అందులో ఏమీ లేదు కదా. విండోస్ కావాలంటే నాలుగు స్క్రూలు విప్పి పాత డిస్క్ పెట్టుకుంటే చాలు, ఆపినచోట మొదలవుతుంది. సందేహించే మనిషికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు. పైగా పాత రకం డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారితే వచ్చే వేగం ముందు ఏ సిస్టమ్ అన్నది రెండో మాట. మా ఆయన "లినక్స్ భలే స్పీడు" అంటారు. అందులో సగం మెచ్చుకోలు ఎస్‌ఎస్‌డీకి చెందాలి. నేను సరిదిద్దలేదు.

మూత విప్పలేని ల్యాప్‌టాప్ అయితే డ్యూయల్ బూటే గతి. అప్పుడు ముందుగా విండోస్‌లో రెండు పనులు చేయాలి. పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ తీసేయాలి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, ఆ స్థితిలో దాని డిస్క్‌లో లినక్స్ నుంచి రాస్తే ఫైళ్ళు పాడవచ్చు. రెండోది, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ని కుదించి 60 జీబీ అయినా ఖాళీ చేయాలి. కుదించే పని విండోస్ చేతే చేయించండి. ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనిపించకపోతే బయోస్‌లో స్టోరేజ్ రెయిడ్ లేదా ఆర్‌ఎస్‌టీ పద్ధతిలో ఉండి ఉంటుంది. దాన్ని ఉన్నపళంగా ఏహెచ్‌సీఐకి మారిస్తే విండోస్ లేవకుండా పోవచ్చు. అక్కడ ఆగి, తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. డ్యూయల్ బూట్‌లో అటూ ఇటూ మారినప్పుడు గడియారం కొన్ని గంటలు తప్పు చూపిస్తుంది. లోపలి గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా, లినక్స్ గ్రీన్‌విచ్ సమయంగా చదువుకోవడమే కారణం. సెట్టింగు మారిస్తే పోతుంది.

ఇన్‌స్టాల్ చేయడానికి అరగంట కూడా పట్టలేదు. గుర్తింపు లేని ప్రోగ్రామ్‌లను మొదలవనివ్వని సెక్యూర్ బూట్ ఉన్న యంత్రంలో బయటి డ్రైవర్లు వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలం తెర మీద "ఎన్‌రోల్ మోక్" అని వస్తుంది. చాలామంది కంగారుపడి కింద మీద ఏదో నొక్కేస్తారు. ఎన్‌రోల్ ఎంచుకుని ఇందాకటి పాస్‌వర్డ్ ఇవ్వండి, అంతే. వదిలేసి ముందుకెళ్తే డ్రైవర్ పనిచేయదు. నేను మొదటిసారి వదిలేశాను. వైఫై రాలేదు. మళ్ళీ మొదటి నుంచి.

మొదటి వారాలు

వెంటనే మింట్‌లోనే ఉండే టైమ్‌షిఫ్ట్ తెరిచి రోజువారీ స్నాప్‌షాట్లు పెట్టండి. అప్‌డేట్ ఏదైనా తేడా చేస్తే సిస్టమ్‌ని నిన్నటి స్థితికి తెస్తుంది. అయితే అది మామూలుగా మీ ఫోటోలనీ డాక్యుమెంట్లనీ దాచదు, సిస్టమ్‌నే దాచుతుంది. ఫైళ్ళ బ్యాకప్ వేరే ఉండాల్సిందే.

ప్రోగ్రామ్ కావాలంటే సైట్లకి వెళ్ళి దించుకునే అలవాటు మానాలి. ముందు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతకాలి. ఈ ఒక్క అలవాటుతో చాలా చెత్త దూరమవుతుంది. ఎక్కడో చదివిన కమాండ్‌ని అర్థం తెలియకుండా కమాండ్లు కొట్టే టెర్మినల్ కిటికీలో అతికించవద్దు, ముఖ్యంగా పాస్‌వర్డ్ అడిగేవాటిని. నేను ఇప్పటిదాకా టెర్మినల్ తెరిచింది మూడుసార్లు, మూడుసార్లూ ఎందుకో తెలిసే తెరిచాను. ఫైళ్ళ పేర్లలో చిన్న ఏబీసీడీలు, పెద్దవి వేరువేరుగా లెక్కిస్తుందన్నది ఇంకో చిన్న చిక్కు. ఒకే అధ్యాయానికి రెండు ఫైళ్ళు తయారై, పాతదాన్ని ఒక గంట దిద్దాను.

ఇంట్లోవాళ్ళకి ముందురోజే చెప్పండి. మీరు ఇష్టపడి మారారు, వాళ్ళని మీరు మార్చారు. వాళ్ళు రోజూ నొక్కే గుర్తులను పాత చోటులోనే పెట్టండి. అత్తయ్యకి ఒక్కోసారి అక్షరాలు ఆనవని అక్షరాల సైజు పెంచాను, బ్రౌజర్‌ని పాతచోటే ఉంచాను. పొద్దున కూర్చున్నారు, వీడియో చూశారు, మెయిలు చదివారు. నేను వంటింట్లోంచి వింటున్నాను. పావుగంటకి పిలిచారు. "అమ్మాయ్, నా పేకముక్కలేవీ?"

సాలిటేర్ మర్చిపోయాను. నోటుబుక్కులో ఉంది, మర్చిపోయాను. ఐల్‌రియట్ అనే దాన్ని వేసిచ్చాను, అందులో పదుల రకాల ఆటలున్నాయి. అత్తయ్యకి కావాల్సింది ఒక్కటే రకం, అది క్లోండైక్ పేరుతో ఉంది. "ముక్కల వెనక బొమ్మ బాగోలేదు" అన్నారు. బొమ్మ మార్చాను.

పాత డిస్క్ ఒక డబ్బాలో ఉంది, మీద తేదీ రాసి, రికవరీ కీ కాగితం మడిచి లోపల పెట్టాను. నెట్‌కి తగిలించకుండానే వాడతాను, ఎందుకంటే అందులోది పాత విండోస్. మారిన తర్వాత దాన్ని రెండుసార్లు బిగించాను, రెండుసార్లూ పేజ్‌మేకర్ ఫైళ్ళ కోసమే. మూడోసారి అడిగింది మావాడు, గేమ్ కోసం. స్క్రూడ్రైవర్ ఎక్కడుందో చెప్పలేదు.